తలకట్టు నిలవని ర

తెల్లారి లేవగానే వందన చేసే మొదటి పని, కూతురు తార గీసిన పటం కింద పెట్టిన గంజు గిన్నె తీసి పారబోయడం.

సాయంత్రం హోంవర్కు కాగానే పటాన్ని బట్టల క్లిప్పులతో దండేనికి తగిలిస్తుంది తార. కింద గంజు పెడుతుంది. గోదావరి గీస్తే పొద్దుటికి సగం గంజు నిండుతుంది, అడుగున సన్నటి ఇసుక. మంజీర అయితే కాలాన్ని బట్టి. ఎండాకాలంలో గంజు అడుగు కూడా తడవదు, నాలుగు గులకరాళ్లు పడి ఉంటాయి. నిజాంసాగర్ గేట్లు ఎత్తిన రోజు మాత్రం గంజు చాలక బకెట్టు పెట్టాల్సి వచ్చింది. ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకు పోస్తుంది వందన. బంగాళాఖాతం నీళ్లు పోయదు. అవి అత్త హన్మవ్వ అడిగి పెట్టించుకుంటుంది, మామిడికాయ ముక్కలు ఊరేయడానికి.

"ఆ రాజస్థాన్ ఇసుక ఇంకింత గియ్యరాదే బిడ్డా, గంజుకు పట్టిన మాడు వోతలేదు" అంటుంది హన్మవ్వ మనవరాలితో.

ఎల్లారెడ్డిలో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. ఒకరి బర్రె ఎక్కువ పాలిస్తుంది. ఒకరి పిల్లకు జుట్టు ఒత్తుగా పెరుగుతుంది. తార పటాలు కారుతాయి. పరీక్షల్లో ఇన్విజిలేటర్ ఆమె మ్యాపును వేరుగా ప్లాస్టిక్ కవర్లో పెట్టేవాడు, పక్క పిల్ల పేపరు తడుస్తుందని.

తారకు సోషల్ అంటే ప్రాణం. లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్నా ఆ పుస్తకం మీద దుమ్ము ఉండేది. సోషల్ పుస్తకం అట్ట మాత్రం చేతి చెమటకు నలిగి మెత్తబడి ఉండేది.

"ఏముందే దాంట్ల?" అని తండ్రి అరుణ్‌కుమార్ అడిగితే, "లెక్క ఏ జాగల చేసినా ఒకటే జవాబు డాడీ. సోషల్ల జాగను బట్టి జవాబు మారుతది" అంది ఒకసారి.

అరుణ్‌కుమార్‌కు అది జవాబులా అనిపించలేదు. అతనికి సహకార సొసైటీలో ఉద్యోగం. ఎరువుల బస్తాలు ఎక్కడున్నా బస్తాలే.

వందన అంగన్‌వాడీ టీచరు. ఇన్నేండ్ల కొలువులో ఆమె తుడవని ముక్కు లేదు, కడగని ముడ్డి లేదు. పిల్లలు కక్కుకున్న చాపను ఒక చేత్తో కడిగి, ఇంకో చేత్తో గుడ్డు పొట్టు తీసి పెట్టగలదు. రోత అనేది ఆమెకు తొందరగా పుట్టదు. మాట కూడా తొందరగా రాదు.

అందుకే ఆ ఏడు ఆమె అన్న ఒక్క మాటను ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకున్నారు.

*

తార చదివే ప్రైవేటు బడి ఎల్లారెడ్డిలో తొమ్మిది దాకానే. పదో తరగతి కావాలంటే అదే మేనేజ్‌మెంటు వాళ్ల కామారెడ్డి బడికి పోవాలి. ఆడపిల్లలకు కొత్తగా హాస్టల్ కట్టారు. రోజూ వచ్చిపోతామంటే కుదరదు, హాస్టల్లోనే ఉండాలి.

ముగ్గురూ పొద్దున బస్సెక్కారు. తాడ్వాయి దాటాక అరుణ్‌కుమార్ చొక్కా కాలరు సర్దుకున్నాడు. సొసైటీలో అందరికీ చెప్పేశాడు, బిడ్డ కామారెడ్డిలో ఐఐటీ ఫౌండేషన్ చదువుతుందని.

డీన్ సంపత్ గదిలో గోడకు ఒక డబ్బా ఉంది. ఉండుండి అది "చుస్" అని నిమ్మకాయ వాసన చిమ్ముతుంది. సంపత్ బండి తాళంచెవితో చెవిలో తిప్పుకుంటూ మాట్లాడాడు. తిప్పి, బయటికి తీసి, చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ తిప్పాడు.

"మంచి తలకాయ సార్ మీ పాపది. మాకు ఇడిసిపెట్టుండ్రి. పొద్దున మ్యాథ్స్, పగలు ఫిజిక్స్, సాయంత్రం మళ్ల మ్యాథ్స్."

"సోషల్ పీరియడ్ ఎప్పుడుంటది సార్?" తార అడిగింది.

సంపత్ నవ్వాడు. "సోషల్ ఏడికి వోతదమ్మా. పరీక్షలకు ముంగట గైడ్ ఇస్తం. మింగు, కక్కు, అయిపాయె."

"రాజలింగు సార్ చెప్పడా?"

రాజలింగు ఎల్లారెడ్డి బడిలో తారకు మూడేండ్లు సోషల్ చెప్పినాయన. ఆ వేసవిలోనే కామారెడ్డికి మార్చారు.

"రాజలింగును హాస్టల్ ఇంచార్జ్ చేసినం. సోషల్ సార్‌లకు మందితోటి మాట్లాడుడు మంచిగొస్తది. సోషల్ కదా మరి." తన జోకుకు తనే నవ్వుకున్నాడు సంపత్. అరుణ్‌కుమార్ కూడా నవ్వాడు. వందన తాళంచెవి కొసను చూస్తూ కూర్చుంది. దాని మీద పసుపుపచ్చ గులిమి మెరుస్తోంది.

"నీ మ్యాపులు మస్తు ఫేమస్ అంట కదా పాపా" అన్నాడు సంపత్. "మన హాస్టల్‌ది ఒకటి పెద్ద చార్టు మీద గీసుకరా. శిఖర క్యాంపస్ అని పైన రాయి. అడ్మిషన్ల కౌంటర్ కాడ పెడ్తం. జరంత ఫౌంటెన్ లెక్క కారుతుంటే వచ్చేటోళ్లకు మంచిగ కనవడ్తది."

డబ్బా మళ్లీ "చుస్" అంది.

*

హాస్టల్ హైవే దిగి లోపలికి పోతే వస్తుంది. అదంతా కొత్త వెంచర్. కమాను మీద బంగారు రంగు అక్షరాలు: శిఖర. కమాను దాటాక రోడ్డు కిందికి దిగుతుంది. దిగుతోందని వందనకు మోకాళ్లలో తెలిసింది.

రాజలింగు ఎదురొచ్చాడు. సన్నటి మనిషి. ఎప్పుడూ వేళ్లకు ఉండే చాక్‌పీస్ పొడి లేదు. చేతిలో తాళాల గుత్తి ఉంది.

"మంచిగున్నవా తారా?" అన్నాడు.

కింది అంతస్తులో గది చూపించాడు. తస్లీమా అప్పటికే అక్కడ ఉంది. ఎల్లారెడ్డిలో గాజుల దుకాణం షంషున్నీసా బిడ్డ, తారకు చిన్నప్పటి నుంచి జత. కిటికీ పక్క మంచం మీద తన చున్నీ పరిచి ఉంచింది.

"ఇది నీకోసం ఆపిన. ఎవల్నీ ఎక్కనియ్యలే" అంది.

తార ఆ మంచం మీద కూర్చుని ఊగి చూసింది. వందన గోడ చూసింది. కొత్త రంగు కింద అక్కడక్కడా బొబ్బలు లేచి ఉన్నాయి. ఒకదాన్ని బొటనవేలితో నొక్కింది. చిట్లి, గోరువెచ్చని నీళ్లు వేలి మీదుగా కారాయి. చీర అంచుకు తుడుచుకుంది. వాసన పోలేదు.

స్నానాల గదిలో నీళ్లు పోయే బొక్కలో నుంచి నీళ్లు పైకి వస్తున్నాయి. బుడగలు. ఒక్కో బుడగ పగిలినప్పుడు ఎవరో నోరు తెరిచినట్టు వాసన. తల వెంట్రుకలు, సబ్బు నురగ, ఇంకేవేవో చుట్టలు చుట్టుకుని తేలుతున్నాయి.

"కొత్త బిల్డింగ్ కదా మేడమ్. సెట్ అయితది" అన్నాడు రాజలింగు.

తార మేడ మీదికి పోయి వచ్చింది. "సార్, ఎనుక రోడ్డు అంత వంకరగ ఎందుకు పోయింది? ఇక్కడ ముందు ఏముండె?"

రాజలింగు తాళాల గుత్తిలో ఏదో వెతికాడు.

"పొలాలుండె" అన్నాడు, తల ఎత్తకుండా.

*

ఆదివారం మధ్యాహ్నం తార చార్టు పరిచి కూర్చుంది. స్కేలు, రబ్బరు, స్కెచ్ పెన్నులు. గేటు గీసింది. గదులు గీసింది. తనకూ తస్లీమాకూ రాబోయే గదిలో కిటికీ పక్కన చిన్న మంచం గీసింది. వెనక వంకర రోడ్డు గీసింది. పైన పెద్ద అక్షరాలతో శిఖర అని రాసి, దండేనికి తగిలించి, కింద గంజు పెట్టి, అన్నం తినడానికి వచ్చింది.

రెండు ముద్దలు తినేలోపే వాసన వచ్చింది.

ముందు హన్మవ్వ పళ్లెం పక్కకు జరిపింది. "ఎలుక సచ్చిందా ఏందే?"

వందన లేచి చూసింది. చార్టు చెమట పట్టినట్టుగా తడిసి, మంచం గీసిన చోటి నుంచి నల్లటి చార కిందికి దిగుతోంది. మోరి నీళ్లు. చిక్కగా, జిగటగా, తీగలు సాగుతూ గంజులో పడుతున్నాయి. కుళ్లిన గుడ్డు, నానిన తోలు, స్నానాల గదిలో పగిలిన ఆ బుడగలు. గంజులో సన్నటి తెల్లటి పురుగులు మెలికలు తిరిగాయి.

ఇన్నేండ్లు ఎవరెవరి పిల్లలవో కడిగిన వందన, పెరట్లోకి పరుగెత్తి గిన్నెలు కడిగే జాలారి దగ్గర కూర్చుని కక్కింది. తిన్నది పోయింది. పొద్దున తాగిన చాయ పోయింది. హన్మవ్వ వచ్చి నుదురు పట్టుకుంది.

లోపలి నుంచి తార పిలిచింది. "అమ్మా, ర నిలుస్తలేదు."

వందన ముఖం కడుక్కుని పోయింది. శిఖరలో చివరి ర మీది తలకట్టు కరిగి కిందికి జారిపోయింది. తలకట్టు పోతే ర ఏముంది, వట్టి సున్న. తార స్కెచ్ పెన్నుతో మళ్లీ పెట్టింది. రెక్కలు తడిసిన ఈగలా అది కాసేపు అక్కడ అంటుకుని, జారింది. శి, ఖ, సున్న.

"శిఖం" అని చదివింది తార.

"గదే కదా" అన్నాడు అరుణ్‌కుమార్, ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకుని. "శిఖం అన్నా శిఖరం అన్నా ఒకటే. ఎత్తు జాగ. ఆ వెంచర్ బ్రోకర్ నాతోని చెప్పిండు, పాతోళ్లు దీన్ని శిఖం అంటుండ్రి సార్, మేమే జర స్టైల్‌గ శిఖర చేసినం అని."

"కాదు డాడీ. ఎనిమిదిల రాజలింగు సార్ చెప్పిండు. చెరువు నిండితే నీళ్లు ఆడిదాక వచ్చి నిలుస్తయి చూడు, ఆ జాగను శిఖం అంటరు. అది చెరువు కడుపు. ఎండాకాలం ఎండితే దోసకాయలు వెడ్తరు."

"మా తల్లిగారూర్ల శిఖంల కర్బూజలు వెడ్తుంటిమి" అంది హన్మవ్వ. "మొగులు నల్లగయితే సాలు, ఇడిసిపెట్టి ఉరుకొస్తుంటిమి. అండ్ల ఇల్లెవలు కడ్తరు, కప్పలా?"

"మరి చెరువేది? నాకు కనవడలే."

"కనవడ్డది డాడీ" అంది తార. "ఎనుక వంకర రోడ్డు ఉంది కదా, అది రోడ్డు గాదు, కట్ట. సూడు."

చార్టు మీద ఆ గీత దానంతటదే లావై, చార్టు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా విల్లులా వంగి ఉంది.

అరుణ్‌కుమార్ గీతను చూశాడు. గంజును చూశాడు. తర్వాత సొసైటీలో తాను చెప్పుకున్న మాటలు గుర్తొచ్చినట్టున్నాయి.

"అంత పెద్ద బిల్డింగ్ పర్మిషన్ లేకుండ కడ్తరా? మ్యాపు కారిందని సీటు ఇడిసిపెడ్తమా? సోషల్ బువ్వ వెడ్తదా?"

"పంపను" అంది వందన.

"ఎందుకు?"

"రోతగుంది."

"రోతకు బిడ్డ సీటు వోగొడ్తవా?"

"పోగొడ్త."

అంతకు మించి ఆమె ఏమీ అనలేదు. అతను చాలా అన్నాడు. సాయంత్రం దాకా అన్నాడు. ఆమె గంజును బూడిదతో తోముతూ కూర్చుంది. తోమి, వాసన చూసి, మళ్లీ తోమింది. చివరికి ఆ గంజును పారేసింది.

*

టీసీ తీసుకోవడానికి తల్లీకూతుళ్లే పోయారు. చార్టును పాలిథిన్ కవర్లో చుట్టి, దానిమీద ఎరువుల సంచి చుట్టి తీసుకుపోయారు. అయినా బస్సులో పక్క సీటు వాళ్లు లేచి వెనక్కి పోయారు.

"ఏం చేపలమ్మా అవి?" అడిగింది కండక్టరు.

"చేపలు గావు" అంది వందన. "బడి."

సంపత్ గదిలో చార్టు విప్పగానే నిమ్మకాయ వాసన ఓడిపోయింది. డబ్బా చుస్, చుస్ అని రెండుసార్లు చిమ్మి ఊరుకుంది. సంపత్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"వెటకారమా మేడమ్ ఇది? మీ ఇంట్ల మోరిల ముంచుకొచ్చిండ్రా?"

"మీ కాడిదే."

"స్పెల్లింగ్ గిట్ల సక్కగ లేదు. ర దిద్దు" అని పెన్ను విసిరాడు తార ముందుకు. రాజలింగు కూడా అక్కడే ఉన్నాడు, తలుపు దగ్గర. తార తలకట్టు పెట్టింది. అందరూ చూస్తుండగా అది జారింది. బల్ల మీద ఒక నల్లటి చుక్క పడింది. సంపత్ చేతులకు శానిటైజరు రుద్దుకున్నాడు, వేళ్ల సందుల్లో కూడా.

"రాజలింగూ, దీన్ని తీస్కపోయి చెత్తల వారెయ్. మేడమ్, టీసీ ఇప్పిస్త, తీస్కపోండ్రి. మాకేం పోదు. పోయి సోషల్ సదివిచ్చుకోండ్రి. రేపు చెరువుల దోసకాయలు వెట్టుకోని బతుకుతది."



అప్పటిదాకా శిఖం అంటే ఏమిటో ఆ గదిలో ఎవరూ అనలేదు. చెరువు అనే మాట ఎవరి నోటా రాలేదు. దోసకాయల మాట అంతకన్నా రాలేదు.

వందన అతని ముఖం చూసింది. అతనికి తెలుసు. మట్టి పోసిన రోజు నుంచీ తెలుసు. తెలిసే మంచాలు వేయించాడు, తెలిసే గోడకు డబ్బా పెట్టించాడు. చేతులు రుద్దుకుంటూ నిలబడిన ఆ మనిషి నుంచి వచ్చే వాసన ముందు, బల్ల మీది చుక్క ఏమీ కాదనిపించింది.

టీసీ చేతిలో పడగానే గుమ్మం దాటి, మెట్ల పక్కన ఉమ్మింది. ఎన్నడూ బయట ఉమ్మిన మనిషి కాదు.

రాజలింగు చార్టు పట్టుకుని వెనకే వచ్చాడు. నీళ్లు అతని ప్యాంటు మీద, చెప్పుల మీద కారుతున్నాయి.

"సార్, శిఖం అంటే ఏందో మా బిడ్డకు మీరే చెప్పిండ్రట" అంది వందన.

"చెప్పిన మేడమ్."

"మరి?"

అతను తాళాల గుత్తిని జేబులో వేసుకున్నాడు, మళ్లీ తీశాడు. "నాకూ ఇల్లు గడవాలె మేడమ్."

ఆమెకు అతని మీద కూడా ఉమ్మాలనిపించింది. ఉమ్మలేదు. బిడ్డకు సారు.

"దీన్ని పారెయ్యాల్నా తారా?" అడిగాడు అతను.

"మీ ఇష్టం సార్. ఉంచుకుంటే కింద బకెట్ వెట్టుండ్రి. ఊకె నిండుతది."

ఆ సాయంత్రం వందన గాజుల దుకాణానికి పోయింది. షంషున్నీసా ఎవరో పెండ్లిపిల్లకు గాజులు ఎక్కిస్తోంది.

"తస్లీమాను తీస్కరా" అంది వందన.

"ఏమైందక్కా?"

"అది చెరువు. తార మ్యాపు కారింది."

షంషున్నీసా పెండ్లిపిల్ల చేతిని వదల్లేదు. "వాండ్ల అబ్బా మస్కట్ల ఎండకు ఎండుకుంట పంపితే కట్టిన ఫీజు అక్కా. ఆయనకు ఫోన్ల ఏం చెప్పాలె? మ్యాపు కారిందని చెప్పాలెనా?"

"చెప్పు."

"నీకు సర్కారు కొలువుంది, మొగడు ఊర్లనే ఉండు. నువ్వు చెప్తవు" అంది షంషున్నీసా. చేతిలో ఒక గాజు పుటుక్కున చిట్లింది.

*

తార ఎల్లారెడ్డి సర్కారు బడిలో చేరింది. అరుణ్‌కుమార్ సొసైటీకి దొడ్డిదారిన పోయి, దొడ్డిదారిన వచ్చేవాడు. భార్యతో ఉప్పు, పప్పు మాటలే మిగిలాయి.

శ్రావణం చివర్లో వాన పట్టుకుంది. ముసురుగా మొదలై, తర్వాత కుండలతో కుమ్మరించింది. మధ్యాహ్నానికి కామారెడ్డి రోడ్డు తెగిందన్నారు. ఫోన్ టవర్లు పోయాయి. షంషున్నీసా తడుస్తూ వచ్చి వందన ఇంటి గడపలో కూలబడింది. వందన ఆమె తల తుడిచి, చాయ ఇచ్చి, పక్కన కూర్చుంది. చెప్పిన కదా అని అనలేదు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. ట్రాక్టరు మీద కొంత, నడిచి కొంత, ఆటోలో కొంత పోయారు ముగ్గురూ. తార ఆగనంది.

కమాను అక్కడే ఉంది. కమాను దాటాక రోడ్డు లేదు. పై చెరువు కట్ట తెగి నీళ్లన్నీ పాత చోటికి వచ్చి, అక్కడున్న ఇండ్ల మధ్య నిలిచి, అప్పటికి సగం వెనక్కి తీశాయి. మిగిలింది బురద. బురద మీద బర్రెల కొట్టం రేకులు, గ్యాస్ బండలు, ఉబ్బిన కోళ్లు, ఎవరిదో పట్టుచీర. ఈగలు అప్పుడే వచ్చేశాయి.

హాస్టల్ తలుపులు తెరిచి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. షంషున్నీసా గోడ పట్టుకుని బిడ్డ పేరు పిలిచింది. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

మోకాలి లోతు బురదలో వందన ఆ గదిలోకి పోయింది. గోడ మీద నీళ్ల గీత ఆమె తలకన్నా పైన ఉంది. తస్లీమా మంచం తలకిందులై ఉంది. కిటికీ పక్క మంచం కదలలేదు. దాని నిండా నల్లటి జిగట. దిండు ఉన్నచోట ఒక కప్ప పొట్ట పైకి పెట్టి ఉంది, దాని నోట్లోకి, బయటికి తెల్లటి పురుగులు. బిడ్డ ఊగి చూసిన మంచం.

వాసన ఆమెకు తెలిసిందే. తన గంజులోది. అదే. ఏ తేడా లేదు.

కక్కు రాలేదు. పళ్లు కొట్టుకునే చప్పుడు ఆమెకే వినిపించింది.

బయటి నుంచి ఎవరో మనిషి కేకేశాడు. "ఎవలమ్మా? ఆడ ఎవలు లేరు. పొల్లలందరు హైవే మీద ఫంక్షన్ హాల్ల ఉన్నరు. నిన్ననే సారు తోలుకపోయిండు."

షంషున్నీసా బురదలోనే పరుగెత్తింది.

*

ఫంక్షన్ హాలు ఎత్తు మీద ఉంది. తస్లీమా మెట్ల మీదే ఉంది. షంషున్నీసా బిడ్డను ఒక దెబ్బ వేసి, పట్టుకుని, వదల్లేదు.

"నువ్వెందుకు ఏడుస్తున్నవ్ అమ్మీ, నాకేం గాలే" అని చెప్పుకొచ్చింది తస్లీమా. "సార్ తార మ్యాపును మా వరండల గోడకు కొట్టిండు, కింద బకెట్ వెట్టిండు. రోజు నేనే పారవోస్తుంటి. నిన్న పొద్దుగాల చూస్తే పారవోసి వచ్చేవరకు నిండుతుంది. అన్నం తినేటప్పుడయితే నల్లా తిప్పినట్టు కారింది. వాన ఆడ జరంతనే ఉంది. సార్ వచ్చి బకెట్ కాడ నిలవడ్డడు. డీన్ సార్‌కు ఫోన్ చేసిండు. గేటు తియ్యద్దు, బయటికి వోతే పేరెంట్స్ బద్నాం చేస్తరు అని ఆయన అన్నడు, మాకినవడ్డది. సార్ ఫోన్ జేబుల వెట్టుకోని, క్లాసుల చెప్పినట్టే, పుస్తకాలు ఇడిసిపెట్టుండ్రి, చెప్పులేస్కోండ్రి అన్నడు. తాళం తీసిండు. మేమందరం ఈడికొచ్చి కూసున్నంక దబ్బున చప్పుడయింది."

"సారేడి?" అడిగింది తార.

రాజలింగు లోపల, పెండ్లి వేదిక మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ల నిండా ఎండిన బురద. పక్కన గోడకు ఆ చార్టు ఆనించి ఉంది. వందన దగ్గరికి పోయి వేలితో తాకింది. చార్టు పొడిగా ఉంది. లోకమంతా తడిసి ఉంటే అదొక్కటి అప్పడంలా గలగలమంది. శిఖం అనే మాట ఆరిపోయి, గట్టిపడి ఉంది.

"ఎండింది మేడమ్" అన్నాడు రాజలింగు. "నిన్ననే. నీళ్లు ఆడికి రాంగనే ఇది ఆగిపోయింది."

ఆమె తల ఊపింది.

"రేపటి సంది రావద్దన్నడు డీన్. పిల్లలను అడగకుండ తీస్కపోయినందుకు." తాళాల గుత్తి తీసి చూసుకున్నాడు. ఇంక వాటితో తెరిచేది ఏమీ లేదు. మెట్టు మీద పెట్టేశాడు.

వందన అతని పక్క మెట్టు మీదే కూర్చుంది. ఆ రోజు ఉమ్మాలనిపించిన సంగతి చెప్పలేదు. తన కొంగుతో అతని చెప్పుల దగ్గర పడిన పురుగును పక్కకు నెట్టింది.

తల్లిదండ్రులు రాని పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు. చేయడానికి ఏమీ లేక గోడల వెంట కూర్చున్నారు. తార వాళ్ల మధ్యకు పోయి, తస్లీమా పక్కన చోటు చేసుకుని కూర్చుంది. తర్వాత చెయ్యెత్తింది.

"సార్, సోషల్ పీరియడ్ ఎప్పుడుంటది?"

కొందరు నవ్వారు. రాజలింగు నవ్వలేదు. చొక్కా జేబులో తడిమాడు. అడుగున చిన్న చాక్‌పీస్ ముక్క దొరికింది, తడిసి సగం కరిగింది. లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడే ఉంది" అన్నాడు.

చార్టును పిల్లలకు కనిపించేలా కిటికీ పక్కన నిలబెట్టాడు. పైన ఉన్న మాట మీద చాక్‌పీస్ పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"శిఖం అంటే ఏంది? ఎవలు చెప్తరు?"

గాలి హాస్టల్ వైపు నుంచి ఇటు తిరిగింది, ఆ వాసనతో. చున్నీలతో ముక్కులు మూసుకుని, అందరూ కిటికీలోంచి కిందికి, హాస్టల్ ఉన్న చోటికి వేలు చూపించారు.

వందన ఒక్కతే ముక్కు మూసుకోలేదు.